డొరోతియా డిక్స్

పూర్వపు కృష్ణాజిల్లా మెట్టప్రాంతమున నందిగామ, జగ్గయ్యపేటలకు చేరువగా, మునేటి యొడ్డున పెనుగంచిప్రోలు అను గ్రామము కలదు. భండారు అచ్చమాంబ 1874లో ఆ గ్రామముననే జన్మించెను. స్త్రీలు అబలలనియు, అవివేకులనియు నిందించువారికి చరిత్రమే బదులు చెప్పవలెనని తలచి, ఆమె ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అను గ్రంథమును రచింప బూనుకొనెను. మొదటి భాగమున భారతదేశ చరిత్రమునకు సంబంధించిన స్త్రీలను గూర్చి వ్రాసెను. తరువాతి భాగమున విదేశ వనితల చరిత్రములను గూడ తెలుగువారికి తెలుప సంకల్పించెను. కాని 1905లో అకాలమరణము పొందుటచే ఆ సంకల్పము నెరవేరలేదు. అట్టి గ్రంథమున చోటు పొందదగిన విదేశ వనితలలో డొరోతియా డిక్స్ ముఖ్యురాలు. తమ బాధను తాము చెప్పుకొనలేని వారి కొరకు ఆమె నలువది సంవత్సరములు పాటుపడెను.

డొరోతియా 1802వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన అమెరికా దేశమునందు, నేడు మెయిన్ రాష్ట్రముగా నున్న ప్రాంతమున, హాంప్‌డెన్ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రియైన జోసెఫ్ డిక్స్ ఊరూర దిరిగి మతబోధ చేయుచుండెడివాడు. అతడు మద్యపానమునకు లోబడి సంసారమును పట్టించుకొనలేదు. తల్లి తరచుగా వ్యాధితో మంచము పట్టియుండెడిది. అందుచే తమ్ము లిరువురను సాకు భారము ఆ చిన్నపిల్లపై బడెను. తండ్రి పంచిపెట్టు మతబోధ పుస్తకముల కాగితములను కుట్టి, అంటించు పనియు ఆమెదే. తోడి పిల్లలు ఆడుకొను వేళలందు ఆమె సూదియు దారమును పట్టుకొని కూర్చుండెడిది. తనకు బాల్యమే లేదని ఆమె పెద్దదైన పిమ్మట తలచుకొని వగచుచుండెడిది.

పండ్రెండవ యేట ఆమె ఇల్లు విడిచి, బోస్టన్ నగరమున నున్న నాయనమ్మను ఆశ్రయించెను. నాయనమ్మ కలిగినది, కాని క్రమశిక్షణయందు మిక్కిలి కఠినురాలు. కొంతకాలమునకు ఆమె మనుమరాలిని వూస్టర్ పట్టణమునందలి బంధువుల యింటికి పంపెను. అచట డొరోతియా తన పదునాలుగవ యేట పసిపిల్లల కొక బడి తెరచెను. పెద్దదానివలె కనబడుటకై తన గౌనుల అంచులను క్రిందికి దించి, జుట్టు ముడివైచుకొని పాఠములు చెప్పెడిది. తరువాత బోస్టన్ నగరమున 1821లో మరియొక పాఠశాలను నెలకొల్పెను. కలిగినవారి పిల్లలకు ఇంటియందును, బీదపిల్లలకు ఇంటి వెనుకనున్న కొట్టమునందును చదువు చెప్పెను. తల్లీకూతుళ్ల ప్రశ్నోత్తరముల రూపమున, నిత్యము వాడుకొను వస్తువులను గూర్చి ఆమె వ్రాసిన చిన్న పుస్తకము 1824లో వెలువడి అనేక ముద్రణములు పొందెను.

రేయింబవళ్లు పనిచేయుటవలన ఆమె ఊపిరితిత్తులు దుర్బలమయ్యెను. 1836లో ఆరోగ్యము పూర్తిగా చెడగా బడి మూసివేసి, వైద్యుల సలహాపై ఓడయెక్కి ఇంగ్లండునకు పోయెను. లివర్‌పూల్ నగరమున విలియం రాత్‌బోన్ అను దయాళువు ఆమెను తన యింట నుంచుకొని ఆదరించెను. ఆ యింటికి సంఘసంస్కర్తలు పెక్కురు వచ్చుచుండెడివారు. మతి చెడినవారిని గొలుసులతో బంధింపక, శుభ్రమైన గదులును, చేయదగిన పనియు, మంచి మాటయు నొసగినచో వారు నెమ్మది పొందుదురని యార్కు పట్టణమున విలియం ట్యూక్ 1796లో స్థాపించిన గృహము నిరూపించెను. పారిస్ నగరమునందలి వైద్యుడు పినేల్ గూడ ఇట్టి మార్గమునే చూపెను. ఈ సంగతులు డొరోతియా చెవిని బడెను. అయినను అవి తన బ్రతుకును మార్చునని ఆమె యప్పుడెరుగదు.

ఆమె తిరిగివచ్చునప్పటికి నాయనమ్మ గతించెను. ఆమె విడిచిన ఆస్తి వలన డొరోతియాకు తిండికి, బట్టకు లోపము లేకుండెను. వివాహము చేసికొనలేదు. వయస్సు నలువది సమీపించుచుండెను. ఇక తాను చేయదగినదేమున్నదని ఆమె విచారించుచుండగా, 1841 మార్చి నెలలో ఒక ఆదివారమునాడు ఈస్ట్ కేంబ్రిడ్జి చెరసాలయందలి స్త్రీలకు మతగ్రంథ పాఠము చెప్పుటకై పోవలసివచ్చెను.

పాఠము ముగిసిన పిమ్మట ఆమె చెరసాల గదులను చూచెను. అచట దొంగతనము చేసినవారితోపాటు, ఏ నేరమునెరుగని మతి చెడిన స్త్రీలును బంధింపబడియుండిరి. ఆ దేశమున మార్చి నెలయందు చలి మిక్కిలి తీవ్రము. అయినను వారి గదులలో నిప్పు లేదు. నేల మురికితో నిండియుండెను. అగ్గి ఏల పెట్టలేదని అడుగగా, పిచ్చివారికి చలి తెలియదని కావలివాడు బదులు చెప్పెను. ఆ మాట ఆమె మనస్సున నాటుకొనెను. మతి చెడినను శరీరము శరీరమేకదా! చలికి వణకుచున్న ఆ స్త్రీలను కన్నులార చూచిన ఆమె ఆ మాట నెట్లు నమ్మగలదు? ఆమె ఊరకుండక న్యాయస్థానమున ఈ విషయమును విన్నవించి, ఆ గదులలో పొయ్యిలు పెట్టించెను.

ఒక చెరసాల యిట్లుండగా తక్కినవి యెట్లున్నవో యను సందేహము ఆమెను వదలలేదు. చిన్న పుస్తకమొకటి చేతబట్టుకొని మసాచుసెట్స్ రాష్ట్రమంతయు తిరుగ నారంభించెను. ఇంచుమించు రెండు సంవత్సరముల కాలము గుఱ్ఱపు బండిలో ఊరూరికి పోయి, చెరసాలలను, బీదల శరణాలయములను తన కన్నులతో చూచి, ఏ ఊర ఏ స్థితిలో ఎవరిని కనుగొన్నదియు వ్రాసికొనెను.

ఆ కాలమున దిక్కులేని రోగులను పోషించు విధము విచిత్రమైనది. అమెరికాలోని పెక్కు గ్రామములు తమ ఊరి బీదలను, మతి చెడినవారిని వేలము వేసెడివి. మన ఊళ్లలో వేలమనగా ఎక్కువ పాడినవానికి వస్తువు దక్కును. అచట మాత్రము ఎవడు తక్కువ సొమ్ము పుచ్చుకొని పోషింతునని యొప్పుకొనునో వానికే రోగిని అప్పగించెడివారు. గ్రామమునకు ఖర్చు తగ్గెను. పాడుకొన్నవాడు రోగి తిండియందును, బట్టయందును మిగిల్చిన ప్రతి కాసు వాని లాభమయ్యెను. ఇక రోగికి మిగులునదేమి? కనిపెట్టుకొని యుండుటకు మనిషిని పెట్టినచో ఖర్చగును. గొలుసు వేసినచో ఖర్చులేదు. ఇట్లు క్రూరులు కానివారు గూడ క్రూరకర్మములకు అలవాటుపడిరి.

డొరోతియా చూచిన దృశ్యములు ఘోరములు. కొందరు పశువుల కొట్టములలోను, కొందరు నేలమాళిగలలోను, కొందరు బోనులలోను ఉండిరి. మేన బట్టలేక, గొలుసులతో కట్టబడి, దెబ్బలు తినుచున్నవారిని ఆమె చూచెను. ఏండ్ల తరబడి వెలుగు చూడనివారును ఉండిరి. వీరిలో ఒకప్పుడు గౌరవముగా బ్రతికిన స్త్రీపురుషు లెందరో కలరు. రోగము వచ్చుటయే వారి నేరము.

1843 జనవరిలో ఆమె ఈ సంగతులన్నిటిని ఒక విజ్ఞాపనపత్రముగా వ్రాసి రాష్ట్ర శాసనసభ కర్పించెను. స్త్రీలు సభలలో లేచి మాటలాడు ఆచారము ఆనాడు లేదు. వోటుహక్కు అసలే లేదు. కావున అంధుల పాఠశాలకు అధిపతియు, శాసనసభ్యుడునైన శామ్యూల్ హో ఆ పత్రమును సభయందు ప్రవేశపెట్టెను. అందలి వ్రాత నిరాడంబరమైనది. ఊరి పేరు చెప్పి, అచట చూచిన స్థితిని చెప్పి, తరువాతి ఊరికి సాగును. కావలివారిని ద్వేషింపవలదనియు, చెరసాలలు ఆసుపత్రులుగా పనికివచ్చునట్లు కట్టబడలేదనియు, తప్పు ఏర్పాటులోనే యున్నదనియు ఆమె స్పష్టపరచెను.

అయినను ఊరి పెద్దలకు కోపము వచ్చెను. ఆమె చెప్పినవి కల్లలని కొందరును, తిలకాష్ఠమును తాటికాయ చేసినదని కొందరును నిందించిరి. కాని ఆమె వ్రాతలో ఊరి పేరుండెను. సందేహమున్నవారు పోయి చూడవచ్చును. విచారణసంఘము ఆమె మాటలు నిజమని తేల్చెను. వూస్టర్ పట్టణమునందలి రాష్ట్ర వైద్యాలయమును పెంచి, మరి 200 మంది రోగులకు చోటు కల్పించుటకు చట్టము చేయబడెను.

ఈ విజయముతో ఆమె తృప్తిపడి ఇంట కూర్చుండలేదు. పొరుగునున్న రోడ్ ఐలండ్ రాష్ట్రమున, లిటిల్ కాంప్టన్ అనుచోట అబ్రహాం సిమ్మన్స్ అను రోగిని కిటికీలేని రాతి కొట్టులో గొలుసుతో కట్టియుంచిరి. చలికాలమున ఆ గోడలపై మంచు పేరుకొనియుండెడిది. ఈ సంగతిని ఆమె 1844లో పత్రికలో ప్రకటించెను. పిమ్మట సైరస్ బట్లర్ అను లోభియని పేరుబడిన ధనికుని యింటికి పోయి, తాను చూచినదంతయు వినిపించెను. సాధారణముగా ఎవరికిని ఏమియు నీయని ఆతడు, ఇతరులును అంత సొమ్ము కూర్చవలెనను షరతుతో 40,000 డాలర్లు ఇచ్చెను. ఆ ధనముతో పెరిగిన వైద్యాలయము నేటికిని బట్లర్ పేరుతోనే యున్నది.

న్యూజెర్సీ రాష్ట్రమున ఆమె ఒక బీదల శరణాలయపు నేలమాళిగలో, చిన్న మంచముపై పడియున్న వృద్ధుని చూచెను. ఆతడు ఒకప్పుడు న్యాయాధిపతిగా, శాసనసభ్యుడుగా నుండి అందరిచే గౌరవింపబడినవాడు. ముసలితనమున మతియు, ధనమును పోగా అచటికి చేరెను. 1845లో ఆమె యిచ్చిన విజ్ఞాపనములో ఈ వృత్తాంతమును చదివిన సభ్యులు కొందరు ఆతని నెరిగినవారే. రోగము తమ గుమ్మమును గూడ తట్టవచ్చునని వారికి తోచెను. సభ వైద్యాలయ నిర్మాణమునకు సమ్మతించెను. 1848లో ట్రెంటన్ నగరమున ఆ వైద్యాలయము తెరువబడెను. డొరోతియా దానిని తన పెద్దబిడ్డగా భావించెను.

మూడు సంవత్సరములలో ఆమె 10,000 మైళ్లకు పైగా పయనించి, 300 చెరసాలలను, 500లకు మించిన బీదల శరణాలయములను సందర్శించెను. ఆనాడు రైలుమార్గములు కొలదిగా నుండెను. బురదదారులలో బండిచక్రములు విరుగుచుండెడివి. అందుచే ఆమె సుత్తియు, మేకులును, త్రాడును వెంట నుంచుకొనెడిదట. తరచుగా జ్వరము వచ్చుచుండెను. దగ్గుతోపాటు రక్తము పడుచుండెను. అయినను ఆమె ఆగలేదు.

రాష్ట్రములకు ధనము చాలదని గ్రహించి, 1848లో ఆమె అమెరికా కాంగ్రెసు నాశ్రయించెను. తగిన రక్షణలేని 9,000 మందికి పైగా రోగులను తాను స్వయముగా చూచితినని అందు విన్నవించెను. ప్రభుత్వమువద్ద నున్న బంజరుభూములలో కొంత భాగమును ఈ నిస్సహాయుల కొరకు కేటాయింపవలెనని ఆమె కోరిక. ఆరు సంవత్సరములు ఆమె వాషింగ్టను నగరమున సభ్యులను కలిసికొనుచు, నచ్చజెప్పుచు నుండెను. తుదకు 1854లో 1,22,25,000 ఎకరములలో పెద్దభాగమును మనోవ్యాధిగ్రస్తులకును, మిగిలినదానిని చెవిటివారు మొదలగువారికిని కేటాయించు బిల్లు ఉభయసభలలోను నెగ్గెను. కాని అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్, దీనుల పోషణ రాష్ట్రముల విధియేగాని కేంద్రప్రభుత్వపు పనికాదని చెప్పి, ఆ బిల్లును త్రోసిపుచ్చెను. ఆరేండ్ల కష్టము ఒక్క సంతకముతో నీటిపాలయ్యెను.

మనస్సు విరిగి, విశ్రాంతికై యూరపునకు పోయిన ఆమె అచటను విశ్రమింపలేదు. స్కాట్లండునందు లాభము కొరకు నడుపబడు ప్రైవేటు గృహములలో రోగులు పడు పాట్లను చూచెను. ఎడింబరో నగరపు అధికారులు తనకు అడ్డు తగులుదురని తెలిసికొని, రాత్రి రైలెక్కి ముందుగా లండనుకు చేరి మంత్రులతో మొరపెట్టుకొనెను. 1855లో విచారణసంఘము నియమింపబడెను. 1857లో స్కాట్లండునకు క్రొత్త చట్టము వచ్చెను. రోమ్ నగరమున ఆమె పోప్ తొమ్మిదవ పయస్ దర్శనము చేసికొని, ఆ నగరమునందలి రోగుల దుస్థితిని విన్నవించెను. ఆయన ముందుగా కబురు పంపక తానే పోయి చూచి, ఆమె చెప్పినది నిజమని తెలిసికొని, దిద్దుబాటునకు పూనుకొనెనని ఆమె చరిత్రకారులు వ్రాసిరి.

1861లో అమెరికాయందు అంతర్యుద్ధము చెలరేగగా, డొరోతియా ఉత్తరసేనల నర్సులకు అధికారిణియై, జీతము పుచ్చుకొనక సేవచేసెను. అయితే ఆమె కాఠిన్యము వైద్యులకు నచ్చలేదు. తగవులు కలిగెను. ఆ పనిలో తాను ఆశించిన ఫలము కలుగలేదని ఆమెయే బాధపడెను. ఆమెయందు లోపములు లేకపోలేదు. దక్షిణరాష్ట్రములలో మతి చెడినవారి గొలుసులను చూచి కన్నీరు కార్చిన ఆమె, అచటనే బానిసత్వపు సంకెళ్లలో నున్న నల్లజాతివారి కొరకు నోరు విప్పలేదు. గొప్పవారి చూపునకు గూడ అందని బాధలుండునని దీనివలన తెలియుచున్నది.

ఆమె కృషివలన స్థాపింపబడినవియు, విస్తరింపబడినవియు అగు వైద్యాలయములు 30కి మించెను. వానికి తన పేరు పెట్టుట ఆమె కిష్టము లేదు. యుద్ధానంతరము ఆమె మరల ఆ వైద్యాలయములను చూడబోయెను. అవి రోగులతో క్రిక్కిరిసియుండెను. వైద్యులు చాలకుండిరి, ధనము చాలకుండెను. తాను తెరిపించిన చోటులే మరల బందిఖానాలగుచున్నవేమోయని ఆమె కలతచెందెను. ఆ భయము నిజమే యయ్యెను. ఇరువదవ శతాబ్దమున అమెరికాలోని పెద్ద వైద్యాలయములు పెక్కు నిర్లక్ష్యమునకు నిలయములై, మరల సంస్కరణలు అవసరమయ్యెను.

1881లో, వృద్ధాప్యమున, ట్రెంటన్ వైద్యాలయమువారు ఆమెకు తమ భవనములో గదులిచ్చి గౌరవించిరి. పెద్దబిడ్డ యింట తల్లి కాలము గడపినట్లు ఆమె అచటనే యుండి, 1887 జూలై నెలలో కన్నుమూసెను. ఆమెను కేంబ్రిడ్జి నగరపు మౌంట్ ఆబర్న్ శ్మశానమున ఖననము చేసిరి.

డొరోతియా పోరాడిన అన్యాయము ఒక దేశమునకు గాని, ఒక కాలమునకు గాని చెందినది కాదు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడియందు, రోగులను నయము చేయుదుమని చేర్చుకొన్న ఒక పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న 28 మంది తప్పించుకొన లేక మరణించిరి. వారిని అచట చేర్చినవారు శత్రువులు కారు, స్వంత కుటుంబములవారే. నమ్మి అప్పగించి, తిరిగి చూడకుండుట వలన గలుగు అనర్థమునకు ఇది నిదర్శనము. తరువాత భారతదేశమున 2016లో వికలాంగుల హక్కుల చట్టమును, 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమును చేయబడెను. మనోవ్యాధిగ్రస్తులను గొలుసులతో బంధించుట రెండవ చట్టముచే పూర్తిగా నిషేధింపబడినది. వికలాంగులను ఎవరైనను హింసించుచున్నారని నమ్మదగిన కారణమున్నచో, ఎవరైనను ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటునకు తెలుపవచ్చునని మొదటి చట్టము చెప్పుచున్నది. నందిగామయందు గాని, జగ్గయ్యపేటయందు గాని ఈ అధికారము మండల తహసీల్దారునకు కలదు. దరఖాస్తు వ్రాయుటకు పెద్ద చదువు అక్కరలేదు.

చట్టములు కాగితముపై నుండును. భవనములు ఇటుకలతో లేచును. కాని రోగికి రక్షణ కల్పించునది, కబురు చెప్పక వచ్చి తలుపు తెరచి చూచు మనిషియే. డొరోతియాకు అధికారము లేదు, ఓటు లేదు, ఆరోగ్యము లేదు. ఆమెవద్ద నున్నవి ఒక చిన్న పుస్తకమును, చూచినదానిని ఉన్నదున్నట్లు వ్రాయు అలవాటును మాత్రమే. చలి తెలియదని పదిమంది చెప్పినను నమ్మక, చలికి వణకుచున్న మనిషిని చూచి నిప్పు తెప్పించుటతో ఆమె సేవ మొదలయ్యెను. నోరులేనివారి మధ్య నివసించు ప్రతివారికిని ఆ మొదటి పని సాధ్యమే.